సినిమా పీఆర్వో కావాలంటే: మొదటి ప్రెస్ నోట్ నుంచి సొంతంగా చూసుకునే సినిమా దాకా

"అన్నా, పీఆర్వో అవ్వాలంటే ఏం చదవాలి? ఎవర్ని కలవాలి?" వారానికి ఇద్దరు ముగ్గురైనా నన్ను ఈ మాట అడుగుతారు. కృష్ణానగర్ టీ కొట్టు దగ్గర, ప్రసాద్ ల్యాబ్స్ ప్రివ్యూ అయ్యాక మెట్ల మీద, ఒక్కోసారి ఊరి నుంచి ఫోన్ చేసి. పీఆర్వో అంటే పౌర సంబంధాల అధికారి, సినిమా వార్తలను మీడియాకు చేరవేసే మనిషి. అడిగేవాళ్లలో చాలామందికి ఇది హీరో పక్కన నిలబడే ఉద్యోగంలా కనిపిస్తుంది. రోజులో ముప్పావు వంతు మాత్రం, ఎక్కడో పత్రికాఫీసులో కూర్చుని సినిమా పేజీ పెట్టుకుంటున్న సబ్ ఎడిటర్ కోసం చేసే పని ఇది. మీరు పంపిన ప్రెస్ నోట్‌ను ఆయన ఎవరికీ ఫోన్ చేయకుండా, పేర్లు మళ్లీ సరిచూడకుండా పేజీలో వేసుకోగలగాలి. ఆ నమ్మకం వచ్చిన రోజు మీరు పీఆర్వో అయినట్టు. పోస్టర్ మీద పేరు ఆ తర్వాతి సంగతి.

నేను ఒక సినిమా వారపత్రికలో మూడేళ్లు సబ్ ఎడిటర్‌గా చేసి ఇటు వచ్చాను. నోట్లు అందుకునే కుర్చీలో, పంపే కుర్చీలో రెండింటిలోనూ కూర్చున్నాను కాబట్టి, కొత్తవాళ్లు ఏ వరసలో నేర్చుకుంటే త్వరగా పని దొరుకుతుందో ఆ వరసలోనే చెబుతాను.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- తెలుగులో తప్పుల్లేకుండా, వేగంగా టైప్ చేయడం. యూనికోడ్‌లో చేయాలి. యూనికోడ్ నుంచి అను ఫాంట్లకు (కొన్ని పత్రికలు ఇంకా వాడే పాత పద్ధతి తెలుగు ఫాంట్లు) మార్చడం కూడా రావాలి.
- మామూలు ల్యాప్‌టాప్ ఒకటి. ఫోన్‌లోనే అన్నీ చేస్తానంటే ఈవెంట్ రోజు రాత్రి ఇబ్బంది పడతారు.
- పేరుతో ఉన్న ఈమెయిల్. కాలేజీ రోజుల ముద్దుపేర్ల ఐడీలు వద్దు.
- జేబులో పట్టే నోట్‌బుక్, రెండు పెన్నులు.
- బండి గానీ, మెట్రో కార్డు గానీ. ఒకే రోజు ఫిలింనగర్ నుంచి అన్నపూర్ణ స్టూడియోస్‌కు, అక్కడి నుంచి మాదాపూర్ శిల్పకళా వేదికకు తిరగాల్సి వస్తుంది.
- కనీసం ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు, లేకపోతే పక్కన ఇంకో ఆదాయం. మొదటి ఏడాది చెల్లింపులు సమయానికి రావు. ఇది ముందే తెలిసి రావడం మంచిది.

డిగ్రీ గురించి తప్పకుండా అడుగుతారు. సినిమా పీఆర్వోకు ఫలానా డిగ్రీ ఉండాలన్న రూల్ లేదు. జర్నలిజం చదివితే రాయడం, డెడ్‌లైన్ అంటే ఏంటో తెలుస్తుంది. ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, ఇలా చదువుకోవడానికి చోట్లు ఉన్నాయి. ప్రభుత్వంలో గానీ పెద్ద కంపెనీల్లో గానీ ఇదే పని చేయాలనుకుంటే డిగ్రీ కచ్చితంగా పనికొస్తుంది. సినిమా ఒక్కటే లక్ష్యమైతే, ఫీజు కట్టే ముందు కింద చెప్పిన వాటిలో మొదటి మూడు మెట్లూ ఎక్కి చూడండి.

1. నెల రోజులు సినిమా పేజీలు చదవండి, అదీ పెన్నుతో

ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి, నమస్తే తెలంగాణ లాంటి నాలుగు దినపత్రికల సినిమా పేజీలు రోజూ ముందేసుకోండి. ఒకే సినిమా వార్త నాలుగింటిలోనూ వస్తుంది. పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగింటిలోనూ ఉన్న వాక్యం ప్రెస్ నోట్‌లోది. ఒక్క దాంట్లోనే ఉన్నది ఆ రిపోర్టర్ సొంతంగా అడిగి రాసుకున్నది. ఏ పేపర్ ఎంత కోసింది, ఏ ఫొటో తీసుకుంది, హెడ్డింగ్‌కు ఏ మాట పట్టుకుంది అన్నవి నోట్‌బుక్‌లో రాసుకోండి.

పది రోజులయ్యేసరికి ఒక విషయం తెలుస్తుంది. పొగడ్తలు ముందు పోతాయి. తేదీ, ఊరి పేరు, పాత్ర పేరు, కథలో ఒక్క కొత్త ముక్క మిగులుతాయి. ఇది ఎంత చెప్పినా ఎక్కదు. కళ్లారా చూడాల్సిందే.

2. ప్రెస్ నోట్ రాయడం

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

కొత్తవాళ్లు తెచ్చి చూపించే నోట్ దాదాపు ఇలా మొదలవుతుంది:

"విభిన్నమైన కథాంశంతో, సరికొత్త కథనంతో, ప్రేక్షకులను ఆద్యంతం అలరించే విధంగా ప్రతిష్ఠాత్మకంగా తెరకెక్కుతున్న ఈ చిత్రం శరవేగంగా షూటింగ్ జరుపుకుంటోంది."

ఇందులో వార్త లేదు. ఏ సినిమాకైనా అతుకుతుంది. ఇదే సినిమా గురించి ఇలా రాయొచ్చు:

"కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే యువకుడి కథ ఇది. అమలాపురం చుట్టుపక్కల ఊళ్లలో 42 రోజుల్లో షూటింగ్ పూర్తి చేశారు. డిసెంబరు 12, శుక్రవారం థియేటర్లలోకి వస్తోంది."

ఉదాహరణ కోసం రాసింది ఇది. తేడా మాత్రం మీకే కనిపిస్తుంది. రెండో దాంట్లోంచి సబ్ ఎడిటర్ హెడ్డింగ్ తీసుకోగలడు. మొదటి దాన్ని చదవడం కూడా చదవడు.

నోట్‌ను ఈ వరసలో పెట్టండి. మొదటి పేరాలో అసలు వార్త, తేదీ వారంతో సహా. రెండో పేరాలో కథ, పాత్ర, లొకేషన్ లాంటి ఒకటి రెండు నిజమైన వివరాలు. ఆ తర్వాత దర్శకుడి మాట, నిర్మాత మాట. మాట అంటే వాళ్లు నిజంగా అన్న మాట. ఫోన్ చేసి అడగండి, లేదంటే మీరు రాసింది చదివి వినిపించి సరే అనిపించుకోండి. "సార్ బిజీగా ఉన్నారు, నువ్వే ఏదో ఒకటి రాసెయ్" అంటారు. రాసినా, పంపే ముందు ఆయనకు మెసేజ్‌లో పెట్టి ఓకే తీసుకోండి. ఆ మెసేజ్ చెరిపేయొద్దు.

చివర నటీనటులు, సాంకేతిక నిపుణుల పట్టిక: సమర్పణ, బ్యానర్, నిర్మాతలు, కెమెరా, సంగీతం, ఎడిటింగ్, ఆర్ట్, పాటలు, మాటలు, కథ-స్క్రీన్‌ప్లే-దర్శకత్వం, ఆఖర్న పీఆర్వో. ఈ పట్టికను ప్రొడక్షన్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి. పాత నోట్ నుంచి కాపీ చేయొద్దు. మధ్యలో ఎడిటర్ మారి ఉండొచ్చు, సహ నిర్మాత చేరి ఉండొచ్చు.

పూజ రోజు నోట్‌కు ఇంకో జాగ్రత్త ఉంది. ముహూర్తపు షాట్‌కు క్లాప్ ఎవరు కొట్టారు, కెమెరా ఎవరు స్విచాన్ చేశారు, గౌరవ దర్శకత్వం ఎవరు వహించారు, స్క్రిప్ట్ ఎవరి చేతుల మీదుగా అందించారు: ఈ నాలుగూ అక్కడికక్కడే రాసుకోండి. గంట తర్వాత అడిగితే యూనిట్‌లో తలా ఒక మాట చెబుతారు.

పేర్ల గురించి నాకు జరిగిందే చెబుతాను. వచ్చిన కొత్తలో ఒక చిన్న సినిమా నోట్‌లో కెమెరామన్ ఇంటిపేరు తప్పు రాశాను. ఆ బ్యానర్‌లో అంతకు ముందు సినిమా చేసినాయన ఇంటిపేరు వేలికి వచ్చేసింది. నాలుగు పేపర్లలో అలాగే అచ్చయింది. మర్నాడు ఆయన ఫోన్ చేసి ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. "సార్, మా అమ్మ శ్రీకాకుళంలో పేపర్ కొనుక్కుంది. మా నాన్న ఫొటో వెనకాల దాచుకుందామనుకుంది. అందులో ఉన్నది నా పేరు కాదు" అన్నారు. పేపర్ మళ్లీ అచ్చు వేయలేం కదా. ఆ రోజు నుంచి పట్టికలో ప్రతి పేరునూ ఆ మనిషికే పంపి "ఇలాగే రాయాలా?" అని అడుగుతున్నాను. పది నిమిషాల పని. మీరు మొదటి నోట్ నుంచే చేయండి.

నోట్ పంపే ముందు ఇలా సరిచూసుకోండి:

- సినిమాలతో సంబంధం లేని ఇంట్లో మనిషికి ఒక్కసారి చదివి వినిపించండి. "ఏ సినిమా? ఎప్పుడు వస్తుంది? దేని గురించి?" అని అడగండి. మూడింటికీ జవాబు రాకపోతే నోట్ మళ్లీ రాయండి.
- తేదీకి వారం సరిపోయిందా, క్యాలెండర్ తీసి చూడండి. తేదీ శుక్రవారానిది, పక్కన రాసింది గురువారం అయితే డెస్క్‌లో నోట్ పక్కన పెట్టేస్తారు.
- "విభిన్నమైన", "ప్రతిష్ఠాత్మక", "శరవేగంగా" అన్న మాటలు వెతికి తీసేయండి. వాక్యం నిలబడితే ఉంచండి, లేకపోతే దాన్నీ తీసేయండి.
- ఒక పేజీ దాటిందా? పట్టిక కాకుండా 250 పదాలు చాలు.

3. ఫొటోలు, ఫైళ్లు, పంపడం

నోట్ బాగున్నా, ఫైల్ తెరుచుకోకపోతే వార్త రాదు.

ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, అచ్చులో మసకగా వస్తాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్ లింక్ ఇవ్వండి. డ్రైవ్ లింక్ ఇస్తే, మీ అకౌంట్ లేని ఇంకో ఫోన్‌లో ఆ లింక్ తెరిచి చూడండి. సాయంత్రం ఆరింటికి పేజీ పెడుతున్న మనిషికి "పర్మిషన్ అడగండి" అన్న తెర కనిపిస్తే ఆయన మీ పర్మిషన్ కోసం ఆగడు, పక్క సినిమా ఫొటో వేసుకుంటాడు. కొత్తవాళ్లు చేసే తప్పుల్లో దీన్నే మొదట చెప్పాలి.

నిలువు ఫొటోలు రెండు, అడ్డం ఫొటోలు రెండు ఇవ్వండి. పేజీలో ఏ ఖాళీ దొరుకుతుందో మనకు తెలియదు. గ్రూప్ ఫొటో అయితే "ఎడమ నుంచి" అని పేర్లు వరసగా రాయండి. ఫైల్ పేరు కెమెరా ఇచ్చిన నంబర్‌తో వదిలేయకుండా సినిమా పేరు, తేదీ పెట్టండి.

అను ఫాంట్ల సంగతి కూడా ఇక్కడే. కొన్ని వారపత్రికల్లో, చిన్న పత్రికల్లో ఇంకా అను ఫాంట్ల మీదే పేజీలు పెడతారు. యూనికోడ్ నోట్‌ను కన్వర్టర్‌లో వేసి మార్చినప్పుడు మధ్యలో ఉన్న ఇంగ్లిష్ అక్షరాలు అర్థం లేని తెలుగు ముక్కలుగా మారిపోతాయి, కొన్ని ఒత్తులు చెదురుతాయి. అందుకే సినిమా టైటిల్, బ్యానర్ పేరు తెలుగు లిపిలోనే రాయండి. మార్చిన ఫైల్‌ను ఒకసారి పైనుంచి కిందికి చదవండి. యూనికోడ్, అను, పీడీఎఫ్ మూడూ పంపితే ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకుంటారు. పీడీఎఫ్ ఒక్కటే పంపొద్దు. దాంట్లోంచి కాపీ చేస్తే తెలుగు అక్షరాలు చెల్లాచెదురవుతాయి.

ఎన్ని గంటలకు పంపాలి? ఒక్కో పత్రికది ఒక్కో సమయం. డెస్క్‌కు ఫోన్ చేసి మర్యాదగా అడగండి, చెబుతారు. నేనైతే మర్నాటి పేపర్‌లో రావాల్సిన మామూలు నోట్‌ను సాయంత్రం నాలుగు దాటనివ్వను.

4. పేర్ల జాబితా తయారు చేసుకోవడం

మార్కెట్లో "మీడియా డేటాబేస్" అని అమ్ముతారు. కొనొద్దు. ఉద్యోగాలు మారినవాళ్ల నంబర్లే ఎక్కువ. పైగా ముక్కూ మొహం తెలియని మనిషి నుంచి నోట్ వస్తే ఎవరూ తెరవరు.

చిన్న ప్రెస్ మీట్లకు వెళ్లి, అయిపోయాక ఇద్దరితో మాత్రం మాట్లాడండి. ఎవరు ఏ పత్రిక, ఏ రోజు సెలవు, ఇంటర్వ్యూలు రాస్తారా వార్తలే రాస్తారా, ఫోన్ ఇష్టమా మెసేజ్ ఇష్టమా: ఎక్సెల్ షీట్‌లో రాసుకోండి. నాలుగు నెలల్లో అరవై డెబ్భై పేర్లు అవుతాయి. మొదటి సినిమాకు అవి చాలు. సెలవు రోజు ఫోన్ చేయకపోవడం, వాళ్లింట్లో బాగాలేదని తెలిసిన వారంలో నోట్ గురించి అడగకపోవడం లాంటివి చిన్నగా కనిపిస్తాయి. ఎదుటివాళ్లు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు.

5. లోపలికి వెళ్లే దారులు

పాత దారి పత్రిక నుంచి. 2021లో కన్నుమూసిన బి.ఎ. రాజు గారు జర్నలిస్టుగా మొదలుపెట్టి పీఆర్వోగా వందల సినిమాలకు పనిచేశారు, "సూపర్ హిట్" పత్రిక నడిపారు, సినిమాలూ నిర్మించారు. ఆయన తరంలో చాలామంది ఇలా వచ్చినవాళ్లే. ఇప్పటికీ ఇది గట్టి దారి. వెబ్‌సైట్‌లోనైనా సరే, రెండేళ్లు సినిమా డెస్క్‌లో పనిచేస్తే జాబితా దానంతట అదే తయారవుతుంది.

రెండోది, ఇప్పుడున్న పీఆర్వో దగ్గర అసిస్టెంట్‌గా చేరడం. అడగడానికి వెళ్లేటప్పుడు "అవకాశం ఇవ్వండి సార్" అని ఖాళీ చేతులతో వెళ్లొద్దు. విడుదలైన ఒక చిన్న సినిమా తీసుకుని, దానికి మీరైతే ఎలా రాసేవారో మూడు నోట్లు రాసుకెళ్లండి: ప్రకటన, ట్రైలర్, విడుదల. పైన "అభ్యాసం కోసం రాసినవి" అని పెద్దగా పెట్టండి. చదివిన వాళ్లకు ఐదు నిమిషాల్లో మీ సంగతి అర్థమవుతుంది. నేను తీసుకున్న ఇద్దరు అసిస్టెంట్లూ ఇలా వచ్చినవాళ్లే.

మూడోది డిజిటల్ వైపు నుంచి. యూట్యూబ్ ఛానల్ థంబ్‌నెయిళ్లు, ఇన్‌స్టా పేజీలు, హీరోల ఫ్యాన్ పేజీలు నడిపిన పిల్లలు ఇప్పుడు చాలామంది పీఆర్ టీముల్లో ఉన్నారు. వాళ్లకు పోస్టర్ టైమింగ్, ట్రెండింగ్ బాగా తెలుస్తుంది. తెలుగు రాయడం దగ్గర తడబడతారు. మీరు ఆ వైపు నుంచి వస్తుంటే రెండో మెట్టు దగ్గర రెట్టింపు సమయం ఉండండి.

హెచ్చరిక: "పీఆర్వో యూనియన్‌లో కార్డు ఇప్పిస్తాను, పెద్ద బ్యానర్‌లో పెట్టిస్తాను" అని ముందే డబ్బులు అడిగేవాళ్లు కనిపిస్తారు. ఈ ఉద్యోగం కోసం ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు. అడిగిన చోటి నుంచి వచ్చేయండి.

6. ఈవెంట్ రోజు

ముందు రోజే హాలుకు వెళ్లి చూడండి. టీవీ కెమెరాలు పెట్టుకోవడానికి ఎత్తు ప్లాట్‌ఫామ్ ఉందా, అక్కడికి కరెంట్ ప్లగ్గులు వచ్చాయా, సౌండ్ బోర్డు నుంచి ఛానళ్లకు ఆడియో లైన్ ఇస్తారా? ఆడియో లైన్ లేకపోతే రికార్డింగ్‌లో చప్పట్లే వినిపిస్తాయి. ఆ బైట్ (మాటల క్లిప్పు) ఎవరూ వాడరు.

బ్యాక్‌డ్రాప్ మీద అక్షరాలు అచ్చుకు వెళ్లే ముందు మీరే చదవండి. ఫ్లెక్స్ కట్టాక తప్పు కనిపిస్తే చేయగలిగింది లేదు.

యాంకర్‌కు అతిథుల పేర్లు పెద్ద అక్షరాలతో, పలికే తీరులో రాసివ్వండి. హోదాలు కూడా. ఎవరి తర్వాత ఎవరు మాట్లాడాలో నిర్మాతతో ముందే ఖాయం చేసుకోండి. వేదిక మీద ఈ వరస మారితే వచ్చే అలకలు సినిమా విడుదల దాకా ఉంటాయి.

ఆరు గంటలకు పిలిచి ఎనిమిదిన్నరకు మొదలుపెట్టడం మన దగ్గర మామూలైపోయింది. హీరో ఎప్పుడొస్తారో మీకు తెలిస్తే మీడియాకు నిజం చెప్పండి. "ఏడున్నర అవుతుందండీ, భోజనం ఉంది, మీరు ఏడింటికి రండి చాలు" అన్న ఒక్క మెసేజ్ చాలు. రిపోర్టర్‌కూ ఇల్లుంది, పిల్లలున్నారు.

ఈవెంట్ జరుగుతుండగానే నోట్ సగం రాసేయండి. ఎవరేమన్నారో ఒక్కొక్కరికి రెండు వాక్యాలు. ఆఖరి మనిషి మైక్ దించిన అరగంటలో నోట్, నాలుగు ఫొటోలు వెళ్లాలి. రాత్రి పదకొండుకు పంపిన అద్భుతమైన నోట్ కంటే తొమ్మిదింటికి వెళ్లిన సాదా నోట్ ఎక్కువ పేపర్లలో వస్తుంది.

7. విడుదల వారం

ఈ వారం తప్పులన్నీ తొందరలో జరుగుతాయి. కొన్ని ముఖ్యమైనవి చెబుతాను.

సెన్సార్ వివరం: 2024లో కొత్త నిబంధనలు వచ్చాక యూఏలో 7+, 13+, 16+ అని మూడు విభాగాలయ్యాయి. ఇంకా పాత అలవాటుతో "యూ/ఏ" అని రాసేస్తున్నారు. సర్టిఫికెట్ కాపీ అడిగి చూసి, దాని మీద ఉన్నదే రాయండి. నిడివి కూడా దాంట్లోంచే తీసుకోండి.

విడుదల సమయాలు: టీజర్ ఉదయం 11:07 గంటలకు, ట్రైలర్ సాయంత్రం 4:05 గంటలకు అని ముహూర్తం చూసి పెడతారు. నిర్మాతల నమ్మకం అది, గౌరవించాలి. మీ పని ఏంటంటే, ఆ నిమిషానికి లింక్ నిజంగా తెరుచుకుందా చూడటం, మీడియాకు ముందే ఇచ్చిన ఫైల్ మీద "ఫలానా సమయం దాకా వేయొద్దు" అని స్పష్టంగా రాయడం. నోటితో చెబితే సరిపోదు.

వసూళ్ల పోస్టర్లు: గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం. షేర్ అంటే పన్నులు, థియేటర్ అద్దెలు పోను మిగిలేది. రెండింటినీ కలిపేసి రాయడం సర్వసాధారణం. నిర్మాత ఒక అంకె చెప్పి వేయమంటే, డిస్ట్రిబ్యూటర్ల నుంచి వచ్చిన డీసీఆర్ (రోజువారీ వసూళ్ల నివేదిక) చూపించమని అడగండి. చూపించకపోతే "నిర్మాణ సంస్థ తెలిపింది" అని వాళ్ల పేరు మీదే పంపండి. మీరు మీ నోటితో ఆ అంకె ఎవరికీ చెప్పొద్దు. ఒక్కసారి తప్పు అంకె చెప్పిన పీఆర్వో తర్వాత నిజం చెప్పినా ట్రేడ్ (వసూళ్ల వార్తలు) రాసేవాళ్లు ఆగి ఆలోచిస్తారు.

డబ్బిచ్చి చేయించే పోస్టులు: ఇన్‌ఫ్లుయెన్సర్లకు డబ్బు గానీ, బహుమతి గానీ, ప్రయాణం గానీ ఇచ్చి పోస్టు పెట్టిస్తే అది ప్రకటన అని చూసేవాళ్లకు తెలిసేలా రాయాలి. ప్రకటనల ప్రమాణాలు చూసే సంస్థ యాస్కీ 2021లో, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో దీని మీద మార్గదర్శకాలు ఇచ్చాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ఒప్పందంలోనే ఆ మాట రాయించండి.

థియేటర్ సందడి వీడియోలు తీసేటప్పుడు కెమెరా జనం వైపే ఉండాలి. తెర మీద ఆడుతున్న సినిమాను ఫోన్లో తీయడం నేరం. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం కనీసం 3 నెలల జైలు, 3 లక్షల జరిమానా ఉంటాయి. సంబరంలో మీ టీమ్ పిల్లలే పొరపాటున ఈ పని చేసే ప్రమాదం ఉంది, ముందే కూర్చోబెట్టి చెప్పండి.

అమెరికా ప్రీమియర్ల టాక్ మనకు అర్ధరాత్రి, తెల్లవారుజామున వస్తుంది. ఆ రాత్రి నిద్ర ఉండదు. ఉదయం ఆట అవ్వకముందే నిర్మాతకు టాక్ ఎలా ఉందో చెప్పాల్సింది మీరే. బాగాలేకపోతే బాగాలేదనే చెప్పండి. ఆ ఉదయం నిజం చెప్పేవాళ్లు ఆయన చుట్టూ ఎవరూ ఉండరు.

8. తప్పు వార్త వచ్చినప్పుడు

ముందు అది తప్పో, మనకు నచ్చని నిజమో తేల్చుకోండి. నచ్చని నిజమైతే వదిలేయండి. రివ్యూ తీసేయమని అడగడం, రేటింగ్ పెంచమని అడగడం ఎప్పుడూ చేయొద్దు.

నిజంగా తప్పయితే రాసిన రిపోర్టర్‌కే ఫోన్ చేయండి. ఎడిటర్‌కో, యాజమాన్యానికో కాదు. ఏ వాక్యం తప్పు, సరైనది ఏంటి, దానికి ఆధారం ఏంటి అన్నవి మెసేజ్‌లో పెట్టండి. "మీ సంగతి చూస్తాం" లాంటి మాట నిర్మాత నోట వచ్చినా మీ నోట రాకూడదు. గంటలోపు జవాబు రాకపోతే అప్పుడు డెస్క్ ఇన్‌చార్జికి. అప్పటికీ కాకపోతే రెండే వాక్యాల ఖండన, సినిమా అధికారిక ఖాతా నుంచి. పెద్ద ఖండన రాస్తే, ఆ పుకారు వినని వాళ్లకు కూడా మనమే వినిపించినట్టవుతుంది.

మీకే తెలియని విషయం ఎవరైనా అడిగితే "కనుక్కుని అరగంటలో చెబుతాను" అనండి, చెప్పండి. తెలిసి చెప్పకూడనిదైతే "దాని మీద ఇప్పుడు మాట్లాడలేనండీ" అనండి. అబద్ధం మాత్రం చెప్పొద్దు. హీరో మారాడన్న వార్తను సాయంత్రం కొట్టిపారేసి, మర్నాడు కొత్త హీరోతో పోస్టర్ పంపితే ఆ రిపోర్టర్ మీకు ఇంకెప్పటికీ ఫోన్ చేయడు.

9. ఫలితం చూసుకోవడం

మర్నాడు ఉదయం క్లిప్పింగులు తీసి నిర్మాతకు పంపడంతో చాలామంది ఆపేస్తారు. ఎన్ని వచ్చాయన్న లెక్క ఒక్కటే సరిపోదు. ప్రతి క్లిప్పింగ్ పక్కన ఈ నాలుగూ రాయండి: తేదీ సరిగ్గా వచ్చిందా, పేర్లు సరిగ్గా వచ్చాయా, మీరు మొదటి పేరాలో పెట్టిన విషయమే హెడ్డింగ్ అయ్యిందా, మీరిచ్చిన ఫొటోల్లో ఏది వాడారు. పది నోట్లకు ఇలా చేస్తే ఏ పత్రికకు ఏం కావాలో మీకు తెలిసిపోతుంది. జిల్లా ఎడిషన్లు కూడా చూడండి. అమలాపురంలో తీసిన సినిమాకు హైదరాబాద్ పేజీలో వచ్చిన రెండు కాలాల కంటే కోనసీమ జిల్లా పేజీలో వచ్చిన చిన్న వార్త ఎక్కువ పనిచేస్తుంది.

పని కుదురుతోందనడానికి ఇంకో గుర్తు ఉంది. రిపోర్టర్లు వాళ్లంతట వాళ్లే మీకు ఫోన్ చేసి "ఇది నిజమేనా?" అని అడగడం మొదలుపెడతారు. మొదటి ఏడాది ఆఖరుకు నెలకు నాలుగైదు అలాంటి ఫోన్లు వస్తే సరైన దారిలో ఉన్నట్టే.

10. డబ్బు, కాగితాలు

సినిమాకు ఇంత అని మాట్లాడుకుంటారు. నోటి మాట మీద నడపొద్దు. కనీసం ఒక ఈమెయిల్‌లో పని ఏంటి, ఎన్ని నెలలు, ఎన్ని ఈవెంట్లు, ప్రయాణ ఖర్చులు ఎవరివి అన్నవి రాసి "సరే" అనిపించుకోండి. మూడు భాగాలుగా తీసుకోండి: మొదలైనప్పుడు, టీజర్‌కు, విడుదలకు వారం ముందు. ఆఖరి భాగాన్ని విడుదల తర్వాతకు వదిలితే, సినిమా ఆడకపోతే నిర్మాతే అప్పుల్లో ఉంటాడు, మీరు అడగలేరు. నాకు అలా రావాల్సినవి మూడు సినిమాల డబ్బులు రాలేదు.

ప్రకటనల డబ్బు, ఈవెంట్ డబ్బు మీ సొంత ఖాతాలో పడనివ్వొద్దు. నిర్మాణ సంస్థే నేరుగా ఇవ్వాలి. ఫీజు మీద సాధారణంగా 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు, రిటర్న్ వేస్తే దాన్ని పన్నులో సర్దుకోవచ్చు. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి.

కవర్ల సంగతి కూడా అడుగుతారు. ప్రెస్ మీట్‌లో డబ్బు పెట్టిన కవర్లు పంచమని మీకు ఎవరైనా చెబితే, ఆ పని నేను చేయనని మొదటి రోజే చెప్పండి. కొన్ని సినిమాలు పోతాయి. ఫరవాలేదు.

సినిమా వద్దనుకుంటే

మూడు నాలుగేళ్లు అయ్యాక కొందరు ఒక్క హీరోకో, దర్శకుడికో పర్సనల్ పీఆర్‌గా ఉండిపోతారు. ఆదాయం నిలకడగా ఉంటుంది. ఆ మనిషి కెరీర్ తగ్గితే మీదీ తగ్గుతుంది. పీఆర్ ఏజెన్సీలు, ఓటీటీ సంస్థల మార్కెటింగ్ విభాగాలు నెల జీతం ఇస్తాయి, అక్కడ ఇంగ్లిష్‌లో రాయడం తప్పనిసరి. హైదరాబాద్‌లో కార్పొరేట్ ఆస్పత్రులు, యూనివర్సిటీలు, రియల్ ఎస్టేట్ కంపెనీలకు కూడా మీడియా మనుషులు కావాలి. ఆస్పత్రి పనికి వెళితే రోగి పేరు, ఫొటో రాతపూర్వక అనుమతి లేకుండా బయటికి వెళ్లకూడదన్నది మొదటి పాఠం.

ప్రభుత్వంలో సమాచార పౌర సంబంధాల శాఖ ఉంది, జిల్లాల్లో డీపీఆర్వోలు (జిల్లా పౌర సంబంధాల అధికారులు), ఏపీఆర్వోలు (సహాయ పౌర సంబంధాల అధికారులు) ఉంటారు. నోటిఫికేషన్లు తరచుగా రావు కాబట్టి దాన్నే నమ్ముకుని ఏళ్లు కూర్చోవద్దు, వచ్చినప్పుడు రాయండి. కేంద్రంలో ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ గ్రూప్ ఏకు యూపీఎస్సీ సివిల్స్ ద్వారా వెళతారు. ఆర్టీసీ, సింగరేణి, దక్షిణ మధ్య రైల్వే, తిరుమల తిరుపతి దేవస్థానం లాంటి సంస్థల్లోనూ పీఆర్ విభాగాలున్నాయి.

సినిమా నుంచి అటు వెళ్లిన మిత్రుడొకరు ఇప్పుడు ఒక జిల్లా కార్యాలయంలో ఉన్నారు. ఈ మధ్య కలిసినప్పుడు పని ఎలా ఉందని అడిగాను. ఫోన్ తీసి ఆ రోజు కలెక్టర్ సమీక్షా సమావేశం నోట్ చూపించారు. మొదటి పేరాలో నిర్ణయం, తేదీ. కింద హాజరైన అధికారుల పట్టిక, ప్రతి పేరు పక్కన హోదా, ప్రతి పేరు మీదా చిన్న పెన్సిల్ టిక్కు.